వేబ్రిడ్జి నజీరా, నాలుగక్షరాల మాటలు

పర్చూరు నుంచి చీరాల పోయే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే ఎడమచేతి పక్కన ఒక వేబ్రిడ్జి ఉండేది. మిరపకాయ టిక్కీలు, పత్తి బోరేలు లాంటి పెద్ద బస్తాలు ఎక్కించుకున్న లారీలూ ట్రాక్టర్లూ అక్కడ ఆగి తూకం వేయించుకునేవి. కిటికీ వెనక కూర్చుని చీటీ రాసిచ్చే మనిషి నజీరా. అంతకుముందు ఆ కుర్చీలో ఆమె భర్త హయాత్ కూర్చునేవాడు. అతను లారీ డ్రైవరుగా పోవడంతో, 1999లో యజమాని ఆ పని ఈమెకిచ్చాడు.

అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. పదో తరగతి మూడుసార్లు రాసింది. అన్నీ పోయేవి కావు, ఇంగ్లీషు ఒక్కటే పోయేది. మూడోసారి నంబరు పేపర్లో కనిపించకపోయేసరికి వాళ్ళ నాన్న పుస్తకాలు తీసి అటక మీద పెట్టేశాడు. ఆ ఏడే పెళ్ళి. ఆ తర్వాత ఇంగ్లీషు జోలికి ఆమె పోలేదు. చీటీలో రాసేవి అంకెలే కాబట్టి ఇబ్బందీ పడలేదు.

వెంకటనారాయణ గారు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. పొద్దున్నే నడకకు వచ్చి, వేబ్రిడ్జి రేకుల పంచ కింద బల్ల మీద కూర్చుని ఇంగ్లీషు పేపరు చదువుకునేవారు. చివర్లో ఒక పేజీ మడిచి, జేబులోంచి పెన్సిలు తీసి పావుగంట ఏదో గీసేవారు. ఒకరోజు బండ్లేమీ రాలేదు. నజీరా కిటికీలోంచి తల బయటకు పెట్టి అడిగింది.

"ఏం రాస్తారు మాస్టారూ రోజూ?"

"ఆటమ్మా. ఇదిగో, తొమ్మిది గళ్ళున్నాయి చూడు. గడికో అక్షరం. వీటితో నాలుగక్షరాల మాటలు కట్టాలి. నడిమి గడిలో అక్షరం మాత్రం ప్రతి మాటలోనూ ఉండి తీరాలి."

"నాకు ఇంగ్లీషు రాదండి. పదిలో మూడుసార్లు ఆ ఒక్కటే పోయింది."

"నిన్ను మాట్లాడమన్నానా? అక్షరాలు పేర్చడమే. ఈరోజు నడిమి గడిలో 'ఓ' ఉంది."

పేపరు కిటికీలోంచి లోపలికి ఇచ్చి ఆయన వెళ్ళిపోయారు. నజీరా దాన్ని పక్కకు నెట్టింది. మధ్యాహ్నం దాకా మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత ఒక లారీ కాటా ఎక్కుతుంటే దాని డోరు మీద రాసింది కళ్ళబడింది. లోడ్. చూస్తే ఆ నాలుగక్షరాలూ గళ్ళలో ఉన్నాయి. రోడ్ ఉంది. చిలకలూరిపేట వైపు బోర్డుల మీద కనిపించే కోల్డ్ స్టోరేజీలో కోల్డ్ కూడా ఉంది. సాయంత్రానికి ఆరు మాటలు రాసింది. తప్పు పెట్టేవాళ్ళు, మార్కులు వేసేవాళ్ళు లేకుండా ఆమె ఇంగ్లీషు రాయడం అదే మొదటిసారి.

మర్నాడు మాస్టారు వాటిని చూసి, "ఆరూ సరైనవే," అని మాత్రం అన్నారు. ఆరోజు నుంచి పేపరు తెచ్చి ముందు ఆమెకే ఇచ్చేవారు. అర్థం తెలియని మాట వస్తే చెప్పేవారు. ఆమె దాన్ని వాడేసిన చీటీల పుస్తకం వెనకవైపు రాసుకునేది. లారీల వెనక రాతలు, ఎరువుల సంచులు, బస్సు టిక్కెట్లు, మందు డబ్బాలు, ఏది కనబడినా నాలుగక్షరాలు లెక్కపెట్టేది.

2001 ఎండాకాలంలో ఒకరోజు నడిమి గడిలో ఆర్ వచ్చింది. మొత్తం పద్నాలుగు మాటలున్నాయని కింద వేశారు. మాస్టారు పదమూడు పట్టారు. గంటసేపు కూర్చున్నా ఆఖరిది దొరకలేదు. నజీరా మూడు బండ్లు తూచి వచ్చి, ఆ గళ్ళను చూసి, "టేర్ ఉంది కదండీ," అంది.

"టియర్ రాశానమ్మా. కన్నీరు."

"అది కాదండి. టీ, ఏ, ఆర్, ఈ."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "అట్లాంటి మాట లేదు. రేట్‌ని నువ్వు తిరగేసి చెబుతున్నావు."

నజీరా చేతిలో ఉన్న చీటీ కిటికీలోంచి చాపింది. దాని మీద మూడు వరసలు అచ్చేసి ఉన్నాయి. సరుకుతో బండి బరువు గ్రాస్. ఖాళీ బండి బరువు టేర్. మిగిలిన సరుకు బరువు నెట్.

"రెండేళ్ళ నుంచి రోజుకు నలభైసార్లు దీని ఎదురుగా అంకె వేస్తున్నాను. ఈ మాట ఇంగ్లీషు కాదాండీ?"

ఆయన చీటీ పట్టుకుని ఇంటికి వెళ్ళారు. గంటలో ఎండలోనే తిరిగి వచ్చారు, చంకలో నిఘంటువుతో. పేజీ తెరిచి వేలు పెట్టి చూపించారు.

"ముప్ఫై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పానమ్మా. ఈ మాట నాకు తెలియదు. నువ్వు చెబితే లేదన్నాను కూడా. తప్పు నాది."

ఒక మాస్టారు తనతో తప్పు నాదనడం నజీరాకు ఎట్లా తీసుకోవాలో తెలియలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, "మళ్ళీ రాయి," అన్నారు.

"ఏంటండీ?"

"పదో తరగతి. ఆ ఒక్క పేపరే కదా."

ఆ వారం లారీ దిగి వచ్చిన హయాత్‌తో చెప్పింది. అతను అన్నం తింటూ అడిగాడు. "ఇప్పుడు పాసయితే ఏమొస్తుంది?"

"ఏమీ రాదేమో."

"మరి?"

"పోయినట్టు ఉండిపోయిందిగా. దాన్నలా వదిలెయ్యబుద్ధి కావడం లేదు."

"అయితే రాయి," అన్నాడతను. వంటింట్లోకి వెళ్ళి తనే పెరుగు తెచ్చుకున్నాడు.

మరుసటి మార్చిలో పరీక్ష. హాలు గుమ్మం దగ్గర డ్యూటీలో ఉన్న టీచరు ఆమెను ఆపి, "తల్లులు బయటే ఉండాలమ్మా," అంది. నజీరా హాల్ టిక్కెట్ చూపించింది. లోపల పదిహేనేళ్ళ పిల్లల మధ్య కూర్చుంది. మాటలు వచ్చుగానీ వాక్యాలు కుదరలేదు. ముప్ఫై ఒకటి వచ్చాయి. నాలుగు మార్కులు తక్కువ.

రెండురోజులు కిటికీలోంచి మాస్టారి మొహం చూడలేదు. మూడోరోజు ఆయన పేపరు బదులు తెల్లకాగితం ఇచ్చారు. "మాటలు నువ్వే పోగు చేసుకున్నావు. వాటిని వాక్యంలో పెట్టడం నేను నేర్పాలి. అది చెయ్యలేదు నేను," అన్నారు. అప్పటి నుంచి లెక్క మారింది. దొరికిన ప్రతి నాలుగక్షరాల మాటకూ ఆమె ఒక వాక్యం రాయాలి. అదీ వేబ్రిడ్జి దగ్గర కళ్ళెదుట జరిగిన సంగతై ఉండాలి. లారీ ఆలస్యంగా వచ్చింది. డ్రైవరు నీళ్ళు అడిగాడు. వాన పడితే పత్తి బరువెక్కుతుంది. ఇలా రెండు పుస్తకాలు నింపింది.

సప్లిమెంటరీలో నలభై నాలుగు వచ్చాయి. హయాత్ అప్పుడు విజయవాడలో ఉన్నాడు. బూత్ నుంచి వేబ్రిడ్జికి ఫోన్ చేస్తే చెప్పింది. అతను, "మీ నాన్నకు చెప్పావా?" అని అడిగాడు. సాయంత్రం పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళ నాన్న మెమో అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మడిచి, భూమి కాగితాలున్న పెట్టెలో పెట్టాడు. ఆమె అడిగినా తిరిగి ఇవ్వలేదు.

2005లో వేబ్రిడ్జికి కంప్యూటరు వచ్చింది. దాన్ని నడపడానికి గుంటూరు నుంచి ఎవరినన్నా తెస్తానన్నాడు యజమాని. బిగించడానికి వచ్చిన మెకానిక్ నజీరాకు ఒక పూట చూపిస్తే సరిపోయింది, తెర మీద ఇంగ్లీషు ఆమె చదువుకోగలదు కాబట్టి వేరే మనిషి అక్కర్లేకపోయింది. జీతం కాస్త పెంచి ఆమెనే ఉంచాడు.

పత్తి సీజనులో బండ్లు బారులు తీరతాయి. డ్రైవర్లు విసుక్కుంటారు. నజీరా కిటికీ పక్క గోడకు నల్లబల్ల కొట్టించి, రోజూ పొద్దున్నే తొమ్మిది గళ్ళు గీసి అక్షరాలు వేసేది. బీడీ కాలుస్తూ, కండువాతో విసురుకుంటూ బల్ల ముందు నిలబడి మాటల కోసం పోట్లాడుకునేవాళ్ళను, మా బాబాయితో పత్తి తూకానికి వెళ్ళినప్పుడు నేను చూశాను. మా ట్రాక్టరు వంతు వచ్చినా మా బాబాయి కదల్లేదు. ఇంకొక్క మాట ఉందంటాడు. వెనక లారీ అతను హారన్ మోగిస్తుంటే, నజీరా లోపలి నుంచి నెమ్మదిగా, "ముందు బండి ఎక్కించండి బాబాయి గారూ, బల్ల ఎక్కడికీ పోదు," అంది.