మంచి మీటల ఫోను

కరోనా రోజుల్లో సూరత్ సిటీ బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన ఒళ్లో మీటలున్న పాత స్మార్ట్‌ఫోన్లు రెండున్నాయి. ఒకదాంట్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తుంటే చూసి, "తెలుగువారా?" అని అడిగాను. పలకలేదు. చెయ్యి ఊపితే నావైపు తిరిగి, నా మాస్కు చూసి, ఫోనులో రాసి చూపించాడు.

"మిల్లుల బట్టలు నేసే సాంచాలు నడిపిన బిడ్డా. ఆ మోతకు చెవులు పోయినయి. నా మాట నాకే ఇనరాదు, గందుకే రాస్త. పెదాలు చూసి తెలుసుకునేటోన్ని, గిప్పుడు అందరికీ మాస్కులాయె."

రెండో ఫోను నా చేతికిచ్చాడు. దాని మీటలు మెత్తగా పడుతున్నాయి. ఆయన ఫోనులో ఒక్కో మీట రెండుసార్లు నొక్కితేగాని అక్షరం పడటంలేదు.

"మంచిది మీరే ఉంచుకోండి" అని రాశాను.

తల అడ్డంగా ఊపి, రాసి చూపించాడు. "మంచిది ఎదుటోళ్లకే ఇయ్యాలె. రాసుడు కష్టమైతే మాట్లాడుడు బంద్ జేస్తరు."

ఖటోదరా స్టాపులో దిగాల్సిన నేను, అది దాటిపోయినా ఆయన దిగేదాకా రాస్తూనే ఉన్నాను.