షుగర్ మాస్టారి పరువు

కటింగ్ మాస్టారికి ఒక్కటే అలవాటు: తనకు షుగర్ ఉందని కనపడ్డవాళ్ళందరికీ చెప్పడం. మగవాడి జీతమూ ఆడదాని వయసూ అడగకూడదంటారు. ఆ కుట్టు షెడ్డులో ఆ రెండూ అడిగినా ఫరవాలేదు గానీ, ఒంట్లో జబ్బేమిటని ఎవరూ ఎవరినీ అడిగేవారు కారు. మాస్టారిని అడగాల్సిన పనే లేదు.

కొత్తగా చేరిన వాచ్‌మన్ గేటు దగ్గర ఆపి పేరడిగితే, "పేరుకేముందిలే, నాకు షుగరయ్యా, అది రాసుకో" అన్నారు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే, అది షుగరు కాలని బస్సంతా తెలిసిపోయేది. ఒకసారి చావింటికి పరామర్శకు వెళ్ళి, పోయినాయన షుగర్ లేకుండా పోయాడు, అదృష్టవంతుడు, నా సంగతి చూడు అని మొదలుపెట్టారు. చివరికి ఏడుస్తున్నవాళ్ళే ఆయన్ని ఓదార్చి పంపారు. ఎవరైనా మిఠాయిలు పంచితే చేత్తో పక్కకు నెట్టేవారు గానీ, పక్కవాడి నోట్లో అది కరిగేదాకా చూపుతో సాగనంపేవారు. షెడ్డులో ఆయన పేరు షుగర్ మాస్టారు. ఆ పేరు వినపడితే ఆయన ముఖం వెలిగిపోయేది.

ఆయన్ని చూస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది ఒక్క కాలర్ల మిషను అమ్మాయికే. ఆమెకూ షుగరే. పదో తరగతిలో ఉండగా పట్టుకుంది. గడియ లేని బాత్రూము తలుపును కాలితో అదిమిపెట్టి, అక్కడే నిలబడి పొట్టలో ఇన్సులిను పొడుచుకుని, చీర సర్దుకుని మిషను దగ్గరికి వచ్చేది. పాత షెడ్డులో ఈ సంగతి తెలిసి, కళ్ళు తిరిగి సూది మీద పడితే పూచీ ఎవరిదని పనిలోంచి తీసేశారు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మాస్టారు గొంతెత్తినప్పుడల్లా ఈయనకి షుగరంటే బిరుదు, నాకేమో ఉరితాడు అనుకునేది.

ఈమధ్య కాలరు అంచులు మసకగా కనిపిస్తున్నాయి. కంట్లో ఇంజెక్షన్లు వేయించుకోకపోతే చూపు దక్కదని కంటి డాక్టరు చెప్పేశాడు. వాటి ఖర్చు ఆమె జీతానికి అందేది కాదు. సరిగ్గా అప్పుడే షెడ్డులో అందరికీ ఆరోగ్య బీమా అన్నారు. సూపర్‌వైజరు కొత్త రూలు చదివి వినిపించాడు. ముందునుంచీ జబ్బున్నవాళ్ళనీ చేర్చుకుని తీరాలి, వాళ్ళ దగ్గర ఎక్కువ వసూలు చేయకూడదు. కానీ ఉన్న జబ్బు దాచి చేరితే, రేపు ఆస్పత్రి పాలైతే పైసా రాదు. చెబితే ఉద్యోగం ఊడుతుందేమో, చెప్పకపోతే కళ్ళు పోతాయి.

బీమా కంపెనీ నర్సు వచ్చిన రోజు పొద్దుటినుంచీ వాన. రేకుల కప్పు కారుతుంటే కింద బకెట్లు పెట్టారు. జబ్బు లేనివాళ్ళు ఎడమవైపు నిలబడి సంతకం పెట్టాలి, ఉన్నవాళ్ళు కుడివైపు నిలబడి రక్తం ఇవ్వాలి. షెడ్డంతా ఎడమవైపే నిలబడింది. రోజూ చాటుగా మాత్రలు మింగే ఇస్త్రీ తాతతో సహా. కుడివైపు మాస్టారొక్కరే. ఇటు గాలి బాగా వస్తోంది, రండమ్మా రండి అని పిలిచారు. ఒక్కరూ కదల్లేదు.

అమ్మాయి ఎడమ వరసలో నర్సు బల్ల దాకా వచ్చింది. నర్సు మాస్టారి వేలు పొడిచి మీటరు చూసింది. ఇంకో వేలు పొడిచి మళ్ళీ చూసింది.

"మీకు షుగర్ లేదండీ."

మాస్టారి ముఖం పాలిపోయింది. "మెల్లగా అనమ్మా, పరువు పోతుంది."

మరి ఈ వరసలో ఎందుకు నిలబడ్డారని అడిగింది నర్సు. ఆయన బకెట్లో పడే చినుకుల వంక చూస్తూ చెప్పారు.

"మా ఆవిడ ఇక్కడే గుండీలు కుట్టేది. షుగరుందని నాక్కూడా చెప్పకుండా దాచుకుంది. అప్పట్లో జబ్బుందంటే బీమాలో చేర్చుకునేవారు కాదు. లేదని చెప్పి చేరితే, తీరా పడిపోయాక, జబ్బు దాచారుగా, పైసా ఇవ్వం అన్నారు. పోయేముందు ఒక్కటే మాటంది. అందరిలో నేనొక్కదాన్నే ఎలా చెప్పుకోనూ అని." పొడిచిన వేలు తుడుచుకున్నారు. "ముందే ఒకడుంటే రెండోవాళ్ళకి సుళువు కదమ్మా."

"అప్పట్నుంచీ తీపి తినలేదా?" అంది నర్సు.

"తింటే ఎవరు నమ్ముతారు?" అన్నారు మాస్టారు దిగులుగా.

 ఇన్నాళ్ళూ ఈ మనిషినా తిట్టుకున్నది అని అమ్మాయికి సిగ్గేసింది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ భయంతోనే వరస తప్పుకుని, వెళ్ళి ఆయన వెనకాల నిలబడింది.

"నాకు షుగర్ ఉంది."

మెల్లగానే అనబోయింది గానీ, రేకుల మీద వాన హోరుకి గొంతు పెంచాల్సి వచ్చి షెడ్డంతా వినపడింది. కాసేపటికి ఇస్త్రీ తాత దగ్గుతూ వచ్చి ఆమె వెనక చేరాడు. ఆ తర్వాత ఇంకెవరో కదిలారు.

అది చూసి సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వచ్చాడు. ఇంతకీ మాస్టారికి ఎంతుందని నర్సును అడిగాడు. నర్సు కాగితం మీద ఉన్నది ఉన్నట్టే రాసింది గానీ నోరు మెదపలేదు. మాస్టారు తల దించుకున్నారు.

అమ్మాయే అందుకుంది. "ఏం చెప్పమంటారండీ, ఈ షెడ్డులో అందరికంటే ఆయనకే ఎక్కువట."

మాస్టారు తలెత్తి, మీసం సవరించుకుని, వరస వంక గర్వంగా చూశారు.