లోకనాథం కోసిన తిప్పతీగ

లోకనాథం ముప్పయ్యేళ్లు సోంపేటలో పెళ్లి ఫొటోలు తీశాడు. పుట్టింది సముద్రం ఒడ్డున, వలలు లాగే ఇంట్లో. తండ్రితో పడవెక్కితే వాంతులయ్యేవట. అందుకే కెమెరా పట్టుకున్నాడు. ఇప్పుడు స్టూడియో లేదు. జలంత్రకోటలో మా ఎదురింట్లో ఉంటూ, భార్య నీలమ్మ ఎండబెట్టి అమ్మే చేపలకి కాపలా కాస్తూ, గుడ్లగూబలకి ఫొటోలు తీస్తుంటాడు.

వాళ్ల పెరట్లో తిత్లీ తుపాను తల విరిచేసిన కొబ్బరిమాను ఒకటి ఇంకా నిలబడే ఉంది. దాని తొర్రలో మూడేళ్లుగా ఓ చిన్నజాతి గుడ్లగూబల జంట కాపురం. కిందటి ఫాల్గుణంలో, జీడిపూత వాసన వీధంతా నిండిన రోజుల్లో, అతను మా గుమ్మంలోకొచ్చి చెప్పాడు.

"మేస్టారండీ, మూడు పిల్లలు! పెళ్లికొడుకు తరపోళ్లలాగ ఒక్కడూ కుదురుగా నిలబడ్డు."

అతను చూపించే ఫొటోల్లో నాకు ఆకులే ఎక్కువ కనిపించేవి. మానుకి అల్లుకున్న తిప్పతీగ తొర్ర ముందు తెరలా వేలాడేది. ఆకుల సందులో ఒక కన్ను, సగం ముక్కు, అంతే. పెళ్లిపందిట్లో అడ్డొచ్చిన అరటాకునీ పూలదండనీ పక్కకి నెట్టడం లోకనాథానికి చేతి అలవాటు. ఒక పొద్దున, జీడిపళ్లు రాల్చే దోటీతో ఆ తీగని కోసేశాడు. మూడు ముఖాలూ పడ్డ ఫొటో తెచ్చి చూపించాడు. నిజంగానే బావుంది. నేను మెచ్చుకున్నాను కూడా. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

మధ్యాహ్నానికి కాకులొచ్చాయి. తెర పోయిన తొర్ర వాటికి ఎంత దూరాన్నించైనా కనబడుతోంది. లోకనాథం కేకలేశాడు, పెంకులు విసిరాడు. అన్నానికని లేచెళ్లి వచ్చేసరికి ఒక కాకి ముక్కున బూడిదరంగు నూగు. తొర్రలో రెండే ముఖాలు.

అతను నిచ్చెన వేసి, చేపల మీద కప్పే పాత వల తెచ్చి తొర్రకి అడ్డంగా కట్టేశాడు. కాకులు ఆగాయి. నిచ్చెన పట్టుకోడానికి వెళ్లిన నేనూ, అతనూ ఊపిరి పీల్చుకున్నాం. ఎండ వాలుతుండగా తల్లి నోట బల్లితో వచ్చింది. వల ముందు రెక్కలు టపటపలాడించి, దారి దొరక్క, జీడిచెట్టు మీద వాలి అరవసాగింది. లోపల్నించి పిల్లలు.

అప్పుడే సంత నుంచి వచ్చి నీలమ్మ గంప దించింది.

"ఏటి మావా, ఏటి సేత్తన్నావు? నా వల ఆ మానుకెందుకు కట్టినావు?"

"కాకులొత్తన్నాయే."

"కాకి దూరకపోతే తల్లెలాగ దూరుతాది? నీకు సముద్రమూ రానేదు, బుర్రా రానేదు. ముందు ఇప్పు!"

"ఇప్పితే మళ్లీ వచ్చెత్తాయి కదే."

ఆమె లోపలికెళ్లి చిరిగిన గొడుగు తాలూకు నల్లగుడ్డ తెచ్చింది. కాకంత మూట చుట్టి, రెండు కొసలు రెక్కల్లా వదిలి, పొడుగాటి కర్రకి తలకిందులుగా వేలాడగట్టింది. ఒడ్డున చేపలు ఆరేసే ఆడవాళ్ల ఉపాయం అది. చచ్చిన కాకి వేలాడుతోందనుకుని మిగతావి అక్కడ దిగవు.

"మీ అమ్మ రోజూ సేసిన పనే. సూడనేదేటి?"

కర్ర మాను పక్కన పాతి, వల విప్పారు. కాకులు పైన గుమిగూడి గోలగోల చేసి, ఒక్కొక్కటే జారుకున్నాయి. కానీ తల్లి కొమ్మ మీంచి కదల్లేదు.

"దీన్ని సూసి అది కూడా రాకపోతేనో?" అన్నాడు లోకనాథం.

"ఏమో మావా. ఆరేసిన సేపల కోసం ఏ తల్లులూ రారు కదా, నాకేటి తెల్సు?"

ముగ్గురం గోడవారన కూర్చున్నాం. వెలుగు తగ్గుతోంది. తల్లి నాలుగుసార్లు కొమ్మ మారింది. పిల్లల అరుపు సన్నబడింది. ఒకటేనా అరుస్తోంది, రెండా? చివరికి తల్లి మాను కొసకొచ్చి వాలి, నల్లగుడ్డని తేరిపార చూసి, లోపలికి జారింది. అరుపు ఆగింది. నీలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, చేపలు తియ్యాలంటూ లేచింది.

రెక్కలొచ్చాక రెండు పిల్లలూ ఎగిరిపోయాయి. ఈ ఫాల్గుణానికి జంట మళ్లీ తొర్రకి చేరింది. కోసిన తిప్పతీగ కొత్తగా చిగిర్చి పాకుతోంది. లోకనాథం దానికి బిందెలతో నీళ్లు పోసి, రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి జానతో కొలుస్తున్నాడు. నిన్నటికి తొర్రని అందుకోడానికి ఇంకా రెండు జానలు తక్కువ. తొర్రలో గుడ్లున్నాయి.