ఆమె డైరీలో నా నలభై నిమిషాలు

ఉదయం నిద్ర లేచాక చేతి వేళ్ళ బిగుతు వదలడానికి ఎన్ని నిమిషాలు పట్టింది?

నీలం అట్ట డైరీలో ప్రతి పేజీ మొదట ఈ ప్రశ్న అచ్చువేసి ఉంటుంది. పక్కనే అంకెలు వేయడానికి మూడు గళ్ళు. దాదాపు మూడు నెలలు ఆ గళ్ళు నేనే నింపాను. చేతిరాత నాది, నిమిషాలు ఇంకొకరివి.

ఆమెను నేను అక్కా అంటాను. మాకు చుట్టరికం ఏమీ లేదు. కంచరపాలెంలో మా అద్దె ఇంటికి రెండు వీధుల అవతల కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఒకే పేటలో ఉంటూ కూడా మేం మొదట కలిసింది ఆసుపత్రిలో, కీళ్ళ డాక్టరుగారి గది బయట బెంచీ మీద. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. వేళ్ళ కణుపులు వాచి, పొద్దున్న లేవగానే పళ్ళు తోముకునే బ్రష్షు కూడా పట్టుకోలేకపోయేదాన్ని. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. అక్కకి కూడా అదే. నాకన్నా ఆరేళ్ళ ముందు నుంచి పడుతోంది.

ఆ రోజు డాక్టరుగారు మా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి చెప్పారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే సొంత కీళ్ళను పరాయివి అనుకుని దెబ్బతీస్తుందట. నేను తల ఊపాను. అక్క భర్త స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. ఆమె తనకు తెలిసిన దారిలో అర్థం చేసుకుంది.

"అంటే సార్, గేటు కాడ సెక్యూరిటీవోడు దొంగల్ని ఒగ్గీసి, డ్యూటీకొచ్చినోళ్ళని బాదుతన్నాడు. అంతే కదేటి?"

డాక్టరుగారు నవ్వేశారు. "అంతేనమ్మా. ఇప్పుడున్న మందులు ఆ సెక్యూరిటీని కాస్త మత్తులో ఉంచుతాయి. కొత్తగా వస్తున్నవి మన మనుషుల్ని గుర్తుపట్టడం వాడికి నేర్పుతాయేమోనని చూస్తున్నారు."

నేర్పుతాయేమో. ఆ మాట నాతో పాటే ఇంటికి వచ్చింది. దానిమీదే రోజులు గడిపాను.

తర్వాత నేను కడుపుతో ఉన్నాను. నాలుగో నెల నుంచి నొప్పులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి, ఆరో నెలకి పూర్తిగా పోయాయి. కొందరికి అలా జరుగుతుందని డాక్టరుగారు చెప్పారు. బకెట్లు మోశాను, దుప్పట్లు పిండాను, కొబ్బరి చెక్కలు తురిమాను. అక్క దగ్గరికి వెళ్ళి చేతులు చాచి చూపించేదాన్ని. జబ్బు వదిలిపోయిందనుకున్నాను. బాబు పుట్టిన మూడో నెలలో రెట్టింపుగా తిరిగి వచ్చింది. పాలిస్తున్నాను గనక గట్టి మందులు వాడకూడదన్నారు.

అలాంటప్పుడు డాక్టరుగారు ట్రయల్ గురించి చెప్పారు. కొత్త ఇంజక్షన్. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి అలాగే కనిపించే ఉత్తి ద్రవం ఇస్తారు. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. నేను చేరతానన్నాను.

"పాలిచ్చే తల్లుల్ని తీసుకోరమ్మా. మాన్పించాక రండి, చూద్దాం."

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి ఈ సంగతంతా చెప్పి ఏడ్చింది నేనే. నా బాధ చెప్పుకుందామని వెళ్ళాను. ఆమె మర్నాడే ఆసుపత్రికి వెళ్ళి ట్రయల్ రక్తపరీక్షలకి చెయ్యి చాపింది.

నేను బాబుకి తొమ్మిదో నెలలోనే పాలు మాన్పించాను. నాలుగు రోజులు వాడు నా జాకెట్టు పట్టుకుని లాగుతూ ఏడ్చాడు. ఐదో రోజు నా వంక చూడడం మానేసి వాళ్ళ నాన్న భుజం మీద పడుకున్నాడు. ఆసుపత్రిలో ట్రయల్ పనులు చూసే అమ్మాయి నా కాగితాలు తిరగేసి, "అయ్యో మేడమ్, కిందటి వారమే సంఖ్య పూర్తయిపోయింది" అంది. చివరగా చేరింది ఎవరో ఆమె చెప్పలేదు. నాకు తెలుసు.

డాక్టరుగారు నాకు వారానికోసారి వేసుకునే పాత మాత్ర రాసిచ్చారు. నేను దాన్ని బీరువాలో పెట్టాను. ట్రయల్లో ఎవరైనా మానేస్తే ఆ ఖాళీలో నన్ను పిలుస్తారని, ఈలోగా వేరే మందు మొదలుపెడితే పిలవరని నాకు నేనే తేల్చుకున్నాను. ఎవర్నీ అడగలేదు. మా ఆయనకి మాత్రలు వేసుకుంటున్నానని చెప్పాను.

ట్రయల్లో చేరినవాళ్ళకి ఇచ్చే ఆ నీలం డైరీ వారం రోజులకే నా దగ్గరికి వచ్చింది. అక్క నాలుగో తరగతి దాకా చదివింది. చదవడం, రాయడం ఆమెకి కష్టం. ఆమె చెప్తుంటే ఇంకొకరు రాయొచ్చని ఆసుపత్రి అమ్మాయి ఒప్పుకుంది. "కానీ ఆవిడ చెప్పిందే రాయాలి. మీరు ఎక్కువా తక్కువా సర్దకూడదు" అని నాకు ఫోన్లో గట్టిగా చెప్పింది. అక్క పక్కనుంచి, "మా సెల్లి డిగ్రీ సదివింది, తప్పులు రాయదు" అనడం వినిపించింది.

అక్క రోజూ పదింటికి వచ్చేది. మా ఆయన అప్పటికే అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోయి ఉండేవాడు. మొదటి వారాల్లో తొంభై, ఎనభై అయిదు, తొంభై. ఆ అంకెలు నా చేతికి తేలిగ్గా వచ్చేవి. ఆమెకి ఉత్తి ద్రవమే పడిందనుకుని, ఆ రోజుల్లో ఆమెకి టీ పెట్టి ఇచ్చేదాన్ని, జాలిపడేదాన్ని. ఆ జాలి నాకు ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. ఆరో వారంలో అరవై అంది. ఎనిమిదో వారంలో ముప్పై. తర్వాత ఇరవై, పది. టీ పెట్టడం మానేశాను. నాకు పొద్దున్న నలభై నిమిషాల దాకా పిడికిలి విప్పుకునేది కాదు.

"ఆదివారం సర్చిలో నొప్పి తగ్గిందని సాచ్చెం సెప్పమంటన్నారు పాస్టరమ్మగారు," అంది ఒక రోజు. "నాను సెప్పనన్నాను. మందో నీళ్ళో తెలీకుండా ప్రభువు కాడ ఏటని సెప్తాం?"

"నీళ్ళే అయ్యుంటాయక్కా," అన్నాను.

"అయితే ఆ నీళ్ళే నీకూ ఓ చెంబుడు అట్టుకొస్తానులే," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ మర్నాడు సంగతి ఇది. బాబుకి మా అత్తగారు పంపిన చొక్కా ఒకటి ఉంది, ముందు అయిదు చిన్న గుండీలు. నా వేళ్ళతో ఆ గుండీలు పెట్టలేక వాడికి ఎప్పుడూ తలమీంచి తొడిగే బనీన్లే వేసేదాన్ని. అక్క ఆ చొక్కా ఎక్కడ చూసిందో, "కొత్త సొక్కా దాసేత్తే పిల్లోడు ఎదిగిపోడేటి?" అంటూ తీసి వాడికి తొడిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. బొటనవేలితో ఇలా నొక్కి అలా వదిలేసింది. వాడు ఆమె ముక్కు పట్టుకుని కిలకిల నవ్వాడు. నేను వాడికి పాలు మాన్పించింది ఆ ఇంజక్షన్ కోసం. ఆ ఇంజక్షన్ పడిన చేతుల్లో నా కొడుకు నవ్వుతున్నాడు.

"ఇయ్యేల పది, రాసీ," అంది, వాణ్ణి ఎగరేస్తూ.

నేను నలభై రాశాను.

మర్నాడూ నలభై రాశాను. మూడో రోజూ అంతే. మూడో నెల చివర డాక్టర్లు డైరీ చూసి, తగ్గుదల నిలబడనివాళ్ళని ట్రయల్ నుంచి తప్పిస్తారని నాకు తెలుసు. ఆ రోజు ఎంతో దూరం లేదు. నా బుర్రలో ఖాళీ లెక్క నడుస్తూనే ఉంది.

డాక్టర్లకి చూపించుకునే రోజు అక్క నన్నూ తోడు రమ్మంది. ఆటోలో బాబు నా ఒళ్ళో, డైరీ ఆమె ఒళ్ళో. రైల్వే గేటు పడి ఆటో ఆగింది. ఊసుపోక ఆమె పేజీలు తిప్పుతోంది. తిప్పుతూ తిప్పుతూ ఆగింది.

"సెల్లీ, ఈ మూడు దినాలూ నలభై ఏటి?"

ఆమెకి చదువు రాదన్న ధీమాలో నేను మర్చిపోయింది ఒకటుంది. ఇరవై ఏళ్ళుగా మెడలో కొలతల టేపు వేసుకు తిరిగే మనిషికి అంకెలు రాకపోవడమేమిటి.

"నాను పదే సెప్పాను కదా," అంది. నా చేతుల వంక చూసింది. కణుపుల వంక చూసింది. "నీది రాసీసావేటి?"

"అవునక్కా," అన్నాను. గూడ్సు బండి వెళ్తూనే ఉంది. ఆమె డైరీ మూసి, బాబు కాలి మేజోడు పైకి లాగింది.

ఆసుపత్రిలో ఆ అమ్మాయికి అక్కే చెప్పింది, మూడు రోజులు తప్పు పడిందని. నేను బ్యాగులోంచి వైట్‌నర్ తీయబోతే ఆ అమ్మాయి కంగారుపడింది.

"చెరిపెయ్యకూడదు మేడమ్. ఒక్క గీత కొట్టాలి. కింద అంకె కనిపించాలి. పక్కన సరైనది రాసి, ఆవిడ సంతకం, తేదీ, కారణం. కారణం ఏం రాయమంటారు?"

"రాసినమ్మాయి తన నొప్పి రాసీసిందని రాయండి," అంది అక్క.

అలాగే రాసింది. రాసి, నా వైపు తిరిగి, "మీకు నలభై నిమిషాలు పడుతోందా? మరి మాత్రలు పనిచేయట్లేదా?" అని అడిగింది. అప్పుడు నోరు తెరిచాను. మాత్రలు మొదలుపెట్టలేదని, ఖాళీ కోసం చూస్తున్నానని చెప్పాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "మధ్యలో ఎవరు మానేసినా ఆ చోట ఇంకొకర్ని తీసుకోం మేడమ్. అలా ఉండదు. ఇన్నాళ్ళు ఊరికే నొప్పి భరించారా?"

ఆమె గొంతులో తిట్టు లేదు, ఆశ్చర్యం ఉంది. అక్క మాత్రం నన్నే చూసింది. లోపల డాక్టర్లు ఆమె చేతులు నొక్కి చూసి ట్రయల్లో కొనసాగించారు. నా పేరు, ఇకముందు ఏదైనా ట్రయల్ వస్తే పిలవడానికి, ఒక కాగితం మీద రాసుకున్నారు. ఆ ఆదివారం నేను మొదటి మాత్ర వేసుకున్నాను.

నిజం చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది. అక్క మిషను మీద ఉంది, నోట్లో దారం. బాబు నేలమీద గుడ్డపేలికలు లాగుతున్నాడు.

"అక్కా, ఆ నలభైలు పొరపాటున రాయలేదు."

దారం తెంపి నోట్లోంచి తీసింది. "నీది రాసీసావన్నాను గానీ, పొరపాటున రాసావని నానెప్పుడన్నాను?"

మిషను మళ్ళీ తిప్పింది. కొంత కుట్టాక ఆపింది.

"నీకు కడుపొచ్చినప్పుడు నొప్పులు పోయి, వచ్చి సేతులు సూపించీదానివి గుర్తుందా? నాకప్పుడు కత్తెర అట్టుకోడానికి వచ్చీది కాదు. నువ్వెల్లిపోయాక తలుపేసీసి తిట్టీదాన్ని నిన్ను. దీనికి మళ్ళీ రావాలి ప్రభువా అనుకునీదాన్ని. వచ్చీసింది. ఆ రోజు ఏడుపొచ్చింది నాకు." ముఖం తుడుచుకుంది. "ఇంక నా అంకెలు నానే ఏసుకుంటాను. నీది నువ్వు ఏసుకో."

కొలతలు రాసుకునే పుస్తకం కొత్తది ఒకటి నా ఒళ్ళో పడేసింది. తర్వాత బాబు చొక్కా గుండీలు పట్టుకు చూసి, "ఇయ్యి పీకీసి వెల్క్రో పట్టీ ఏసీనా? నీకు సులువు," అంది.

"వద్దక్కా. గుండీలే ఉండనీ."

"ఏం, రోసమా?"

"అవును," అన్నాను. ఆమె నవ్వింది.

ఆమెకి పడింది మందో నీళ్ళో ఇప్పటికీ మాకు తెలియదు. బాబు పడుకున్నాక ఆ కొలతల పుస్తకంలోనే ఇది రాస్తున్నాను. పొద్దున్న నాది ముప్పై అయిదు నిమిషాలు. ఆమెది అయిదట. నేను అడగలేదు, వీధిలో కనబడి చెప్పింది. చెప్పగానే లోపల ఎప్పటిలాగే చురుక్కుమంది. ఇంటికొచ్చి వాడికి ఆ చొక్కా తొడిగాను. పైనుంచి రెండో గుండీ దాకా వచ్చాను. మూడోది పట్టేలోగా వాడు విసుగెత్తి పాక్కుంటూ పోయాడు, చొక్కా వెనక తోకలా ఊగుతూ.