రంగం ఆట

నాకు ఊహ తెలిసేసరికే మా నాన్న ఇంట్లో లేడు. రంగూన్‌ని మా వైపు రంగం అనేవారు. నేను పుట్టిన ఏడాదే ఆయన రంగం వెళ్లాడు. కొన్నాళ్లు వచ్చేపోయేవాళ్లచేత కబుర్లు పంపాడు. తర్వాత ఆ కబుర్లూ ఆగిపోయాయి. బారువ పక్కన చేపలు పట్టుకు బతికే ఊరు మాది. సముద్రంలోకి వెళ్లి తిరిగిరాని మగవాళ్లు మా వాడలో ఇంకొందరు ఉన్నారు. వాళ్ల ఇళ్లల్లో ఏడుపులు అయ్యాయి, దినాలు అయ్యాయి, మనుషులు మళ్లీ పనుల్లో పడ్డారు. మా ఇంట్లో మాత్రం ఏదీ అవలేదు. అమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగేది. ఎక్కడికి వెళ్లినా నాన్న గురించి ఎవరినో ఒకరిని అడిగి వచ్చేది.

పిల్లలం మేము ఆ సంగతినే ఆట చేసుకున్నాం. కనిపెట్టింది మా పెద్దమ్మ కూతురు. నాకంటే నాలుగేళ్లు పెద్దది, అక్క అని పిలిచేదాన్ని. ఆటలో ఆమె ఓడ సరంగు. నేను వెతికేదాన్ని. మిగతా పిల్లల్ని సరుగుడు తోటలో తలా ఒక చోట కూర్చోబెట్టేది. ఒకడు బియ్యం మిల్లు కూలీ, ఒకతె అత్తరు అమ్మే మనిషి, ఒకడు పోలీసు. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తప్పిపోయిన మనిషి ఆచూకీ అడగాలి. వాళ్లు ఊరికే చెప్పరు. ఒకడు తెల్ల గవ్వ తెమ్మంటాడు, ఇంకొకతె మొగలి రేకు అడుగుతుంది. తెచ్చి ఇస్తే ఒక్క ముక్క చెప్పి ఇంకొకరి దగ్గరికి పంపుతారు. చివరికి ఏ పడవ చాటునో నక్కిన పిల్లాడు దొరుకుతాడు. వాణ్ని ఊరేగింపుగా ఇంటికి తీసుకొస్తాం.

ఒకసారి నేను విసుగెత్తి, ఎక్కడున్నాడో ముందే చెప్పేయమని అక్కని బతిమాలాను.

"ముందే సెప్పీసినాననుకో, ఇంకాటేటుంటాది? అలగని మరీ దాసీసినా నువ్వు ఏడిసి ఇంటికెల్లిపోతావు. కొంచిం కొంచిం సెప్పాల. అప్పుడే నడవబుద్దేత్తాది," అంది.

ఆ కొంచెం కొంచెంలోనే నాకు సంతోషం ఉండేది. పోయిన చోటల్లా ఏదో ఒకటి చేతికి వచ్చేది. పైగా మనిషి దొరుకుతాడన్న భరోసా ఉండేది. దొరకడని ముందే తెలిస్తే ఒక్క గవ్వ కోసం కూడా ఎండలో తిరిగేదాన్ని కాను.

అరవైల మధ్యలో బర్మా నుంచి మనవాళ్లు గుంపులు గుంపులుగా ఓడల్లో తిరిగి రావడం మొదలైంది. అక్కడి ప్రభుత్వం పంపించేస్తోందని చెప్పుకునేవారు. వచ్చినవాళ్లు పలాస చుట్టుపక్కలా, నౌపడ ఉప్పు మడుల దగ్గరా, ఎక్కడ పని దొరికితే అక్కడ పాకలు వేసుకున్నారు. అమ్మ ఇంక ఆగలేదు. గంప నెత్తిన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

పలాసలో జీడిపిక్కలు కొట్టే చోట ఒకావిడ ఉందని విని ముందు అక్కడికి వెళ్లాం. జీడి రసానికి ఆవిడ వేళ్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. అమ్మ నాన్న ఆనవాళ్లు చెప్పింది. ఎడమ కనుబొమ్మ మీద తెడ్డు తగిలిన మచ్చ ఉంటుందని చెప్పగానే ఆవిడ చేతిలో పని ఆపింది.

"అలాటోణ్ని సూసినానప్పా. బియ్యం మిల్లుకాడ మూటలు మోసేవోడు. నౌపడ ఉప్పుకాడ మావోడొకడున్నాడు, ఆడైతే బాగా ఎరుగుదును అంతాడు. ఎల్లి అడుగు," అని నా చేతిలో గుప్పెడు జీడిపప్పు ముక్కలు పోసింది.

నాకు పట్టలేని సంతోషం. అచ్చం మా ఆటలాగే ఉంది. నౌపడకి రైల్లో వెళ్లాం. నేను కిటికీ దగ్గర కూర్చుని జీడిపప్పు ఒక్కొక్క ముక్కే తిన్నాను. అమ్మ జడ విప్పి మళ్లీ అల్లుకుంది. ఆమె అలా ఒంటి మీద శ్రద్ధ పెట్టడం నేను అంతకుముందు చూడలేదు.

నౌపడలో ఆయన ఉప్పు కుప్పల మధ్య దొరికాడు. నాన్నతో ఒకే పాకలో ఉన్నానని చెప్పాడు. నాన్న కూర వండితే ఘాటుకి అందరూ దగ్గేవారట. నిద్రలో పడవ లాగుతున్నట్టు అరిచేవాడట. అమ్మ నవ్వింది. "పెల్లైన కొత్తలోనూ అంతే. వాడంతా లెగిసిపోయీవోరు," అంది. నాన్న గురించి నవ్వుతూ మాట్లాడుకోవచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

"ఇప్పుడెక్కడున్నాడు మావా?" అని అడిగింది అమ్మ.

ఆయన పార చేతిలోకి తీసుకున్నాడు. "నాను ముందొచ్చీసినానమ్మా. కవిటి తోటల్లో ఒక ముసలాయనున్నాడు, ఎనకొచ్చినోడు. ఆయన్నడుగు," అన్నాడు. మేము కనుమరుగయ్యేదాకా ఆయన పని మొదలుపెట్టలేదు. అది ఎందుకో ఆలోచించే వయసు నాకు లేదు.

కవిటికి బస్సు దిగి కొబ్బరి తోటల్లోంచి నడిచాం. ముసలాయన నీడలో కూర్చుని పీచు పేనుతున్నాడు. పక్కన ఆయన భార్య. అమ్మ గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, నాన్న ఊరూ పేరూ మచ్చా అన్నీ చెప్పింది. ముసలాయన తల ఎత్తలేదు.

"నువ్వు ఆడికేటవుతావమ్మా?"

"పెల్లాన్ని. ఇది కూతురు."

ఆయన పేనే చేతులు ఆగాయి. భార్య వైపు చూశాడు. ఆవిడ లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, అమ్మ పక్కన చతికిలబడింది.

"సెప్పీయి. దాసేదేటుంది," అంది భర్తతో.

"బతికే ఉన్నాడమ్మా. మాతోటే ఓడ దిగినాడు. పోయినేడు, వరి కోతలప్పుడు."

అమ్మకి అర్థం కాలేదు. "ఎక్కడ దిగినాడు?"

"ఇశాపట్నంలో. అక్కడే పాకేసుకున్నాడు. ఆడి కూడా ఒక ఆడమనిసి, ఇద్దరు పిల్లలు. బారువ దగ్గిర మీ ఊరు కదా, ఎల్లవేట్రా అని నానే అడిగినాను." ఆయన ఆగాడు. "ఆ ఊర్లో నాకెవులూ నేరు మావా అన్నాడు."

తోటలో ఎక్కడో మట్ట ఒకటి ఊడి పడింది. అమ్మ గంప దగ్గరికి లాక్కుంది. తర్వాత అడిగింది ఒక్కటే. "ఒంట్లో బాగున్నాడేటి?"

"బాగున్నాడమ్మా."

గంపలో మిగిలిన చేపలన్నీ ఆ ముసలావిడ ఒళ్లో పోసేసి అమ్మ లేచింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఆమె చెయ్యి లాగాను. నాన్న ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలిసింది. నాకు తోచింది అంతే.

"రైలెక్కితే ఎల్లిపోవచ్చు కదమ్మా. పద."

"ఎల్లి ఏటనడగాలే?" అంది. గొంతులో కోపం లేదు. "ఇన్నాల్లూ తప్పిపోనాడనుకున్నాను. తప్పిపోయినోణ్నైతే ఎదకొచ్చు. ఆడు తప్పిపోనేదు."

కథ అక్కడితో అయిపోయి ఉంటే ఎలాగో సర్దుకునేవాళ్లమేమో. ఊళ్లోకి అడుగు పెట్టగానే ఆడవాళ్లు చుట్టూ మూగారు. "ఏటయింది? ఆచూకీ తెలిసినాదా?" అమ్మ నావైపు చూసింది. "నేదు," అంది. నన్ను నోరు మూసుకోమని చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది.

ఆచూకీ తెలియలేదంటే మళ్లీ వెతకాలి కదా. వాడవాళ్లు మంచివాళ్లు. ఫలానా ఊళ్లో రంగం మనిషి దిగాడని ఎవరు విన్నా పరుగెత్తుకొచ్చి చెప్పేవారు. వెళ్లకపోతే అనుమానం వస్తుంది. అందుకని అమ్మ వెళ్లేది. నేనూ వెంట వెళ్లేదాన్ని. టెక్కలి వెళ్లాం, మళ్లీ పలాస వెళ్లాం, ఎక్కడెక్కడో తోటల్లో తిరిగాం. వెళ్లిన చోటల్లా అమ్మ ఆ ఆనవాళ్లే చెప్పేది. కనుబొమ్మ మీద మచ్చ, మూటలు మోసే పని. ఎదుటివాళ్లు ఆలోచిస్తుంటే ఆశగా చూస్తున్నట్టు చూసేది. ఎవరైనా ఇంకొకరి దగ్గరికి పంపితే దణ్ణం పెట్టి అక్కడికీ వెళ్లేది. నేను పక్కన నిలబడి నేలకేసి చూసేదాన్ని. జవాబు ముందే తెలిసిన ప్రశ్న అడగడానికి ఎండలో అంత దూరం నడిచేవాళ్లం.

సరుగుడు తోటలో అక్క ఇంకా ఆట ఆడించేది. నన్ను పిలిచింది. కడుపు నొప్పి అన్నాను. ఆ తర్వాత పిలవడం మానేసింది.

ఒక వానాకాలం మా వాడకే ఒక మనిషి వచ్చాడు, రంగం నుంచి వచ్చానని. అందరూ అమ్మని ముందుకు తోశారు. అమ్మ అడిగింది. ఆ మనిషికి ఏమనిపించిందో తెలియదు. జాలిపడ్డాడో, తెలియదంటే తక్కువవుతాననుకున్నాడో. "ఆడా? ఆడు సచ్చిపోనాడమ్మా. నా సేతుల్తోనే మట్టిసేసినాం," అన్నాడు.

వాడంతా ఘొల్లుమంది. పెద్దమ్మ అమ్మని పట్టుకుని ఏడ్చింది. అమ్మ నోరు తెరిచింది. ఏదో చెబుతుందనుకున్నాను. ఏం చెప్పగలదు? బతికున్నాడని చెబితే ఎక్కడున్నాడో చెప్పాలి, ఎవరితో ఉన్నాడో చెప్పాలి, ఏమన్నాడో చెప్పాలి. నోరు మూసుకుంది. ముసలమ్మలు ఆమెను సముద్రం ఒడ్డుకు నడిపించారు. గాజులు పగలగొడుతుంటే చేతులు తానే చాపింది. నేను గట్టు మీద నిలబడి చూశాను. విశాఖపట్నంలో ఆ వేళకి ఆయన అన్నం తింటున్నాడేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. ఏడవని కూతురని ఎవరో అన్నారు కూడా.

ఆ తర్వాత అమ్మని ఎవరూ ఎక్కడికీ పంపలేదు. మైల తీరాక ఇద్దరం టెక్కలి సంతకి వెళ్లాం. ఎండుచేపలు బేరమాడుతున్న ఒకావిడ బొట్టులేని అమ్మ నుదురు చూసి, "ఎన్నాల్లయిందమ్మా?" అని అడిగింది.

"నాకే తెల్దప్పా," అని అమ్మ చేపలు ఏరి ఇచ్చింది.