తెల్ల కారుకు పసుపు పాలిష్

బీఎస్సీ పాసయ్యానని తెలిసిన పొద్దున కరీంనగర్‌లో నేను ఎవరినీ వదల్లేదు. సోడాలమ్మే ఆయనకు చెప్పాను. రిక్షా ఎక్కకుండానే రిక్షా ఆయనకు చెప్పాను. మా ఇంట్లో అంతకుముందు ఏడో తరగతి దాటినవాళ్లు లేరు మరి. చివరికి మా మేనమామ షెడ్డుకు పరుగెత్తాను.

మామ దుబాయ్‌లో ఆరేళ్లు కార్లకు పాలిష్ పట్టాడు. అక్కడి మిషన్ ఒకటి దుప్పట్లో చుట్టి తెచ్చుకొని కొత్తగా షెడ్డు పెట్టాడు. ఆ రోజు వచ్చిందే మొదటి కారు. జమ్మికుంట పత్తి సేటుది, తెల్లది. అది కుదిరితే మిగతా పత్తి వ్యాపారులూ వస్తారు. కుదరకపోతే మామ మళ్లీ దుబాయ్ వెళ్లాల్సిందే. ఆ మాటెత్తితే అత్త అన్నం ముందు నుంచి లేచిపోయేది.

“మామా, పాసైన.”

“మంచిగైంది అల్లుడా. చేతులు కడుక్కొని రా, మిషన్ నేర్పుత. ఒక్కకాడ నిలవెట్టకు, రంగు కాలుతది. సున్నం ఏసినట్టు అటిటు జరుపుకుంట పో. అంచుల మీద ఒత్తకు. అన్నిటికన్న ముందుగాల దుమ్ము లేకుంట తుడువాలె.”

ప్రతి మాటకూ తలూపుతూ నా కెమిస్ట్రీ మార్కులు చెప్పాను.

ఇంతలో అత్త పళ్లెంతో వచ్చింది. బానెట్ మీద కారు కోసం అరచేయంత పసుపు అద్ది కుంకుమ పెట్టింది. పక్కనే నా పాసు కోసం ఇంకొకటి. మిషన్‌కున్న ఉన్ని ప్యాడ్‌కు మూడోది. మామ గుడ్డ పట్టుకొని ఆగిపోయాడు.

“తుడువాలె అన్నవ్ గదా మామా.”

“మొదటి బోణీరా. ఇంటామె పెట్టిన పసుపు చేతితోని తుడుస్తమా?”

“తుడువున్రి, సూస్త,” అంది అత్త.

మామ గుడ్డ భుజాన వేసుకున్నాడు. “మనం తుడువద్దు. మిషనే తుడుసుకుంటది.”

పేస్టు వేసి స్విచ్ నొక్కాను. రెండు నిమిషాల్లో బానెట్ పులిహోర రంగుకు తిరిగింది. వెలిసిపోయిన పాత రంగు, ఉన్న పసుపంతా తాగేసింది. మామ దగ్గరున్నది ఒకటే ప్యాడ్, అదీ పచ్చబడింది.

అత్త పరుగున బట్టలుతికే సోడా నీళ్లు తెచ్చి పోసింది. పచ్చదనం పారాణిలా ఎర్రగా మారింది. మామ నేలమీద కూలబడ్డాడు. నాకు మాత్రం సంతోషం ఆగలేదు.

“మామా, సోడా క్షారం. క్షారం తాకితే పసుపు ఎర్రగైతది. పరీక్షల గిదే అడిగిన్రు.”

“పాసైనవని నమ్మిన బిడ్డా. ఇప్పుడు తెల్లగ జెయ్యి.”

“నిమ్మకాయ పిండితే మళ్ల పచ్చగైతది.”

“తెల్లగ?”

“అది సిలబస్‌ల లేదు.”

నిమ్మకాయలు పిండి మళ్లీ పచ్చగా చేస్తుండగానే సేటు, వాళ్ల అమ్మ ఆటో దిగారు. అటునుంచి అటే సేటు కొడుక్కి పిల్లను చూడటానికి వెళ్తున్నారు. సేటు నోరు తెరిచేలోగా ముసలామె బానెట్‌ను వేలితో తాకి కళ్లకద్దుకుంది.

“లగ్గం పని మీద పోతున్నం. ముందటికే పూసి ఎన్కకు బోడిగ ఇడిసిన్రేంది?”

మామ నా వైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను. అత్త లోపలికి వెళ్లి పసుపు డబ్బా తెచ్చింది.

మిషన్ పాలిష్ నేను నిజంగా నేర్చుకున్నది ఆ మధ్యాహ్నమే. డిక్కీ దాకా ఎక్కడా చారలు పడలేదు. ముసలామెకు కూడా పాసయ్యానని చెప్పాను. పళ్లెంలో మిగిలిన కుంకుమ నా నుదుట పెట్టింది.

నాలుగో రోజు సేటు కోపంగా వచ్చాడు. పత్తి మార్కెట్లో ఎండకు నిలబెట్టిన కారు మీది పసుపంతా ఎగిరిపోయి, కింద పాలిష్ అద్దంలా తెల్లగా తేలింది.

“ఏం పనయ్యా గిది, నాలుగొద్దులన్న ఆగలే. పిల్ల తరపోళ్లు ఒప్పుకున్నరు. లగ్గానికి గూడ పచ్చ బండిల్నే పోతనని మా అవ్వ కూసున్నది.”

మామ మిషన్ చేతిలో పట్టుకొని దుబాయ్‌లో నేర్చిన, అన్నీ తెలిసినవాడి మొహం పెట్టాడు. “గది ఎండకు ఆగని పాలిష్ సేటూ. లగ్గం ముందటి రోజు తీస్కరా.”

“నాదొక్కటే గాదు, పెండ్లి బండ్లు ఇంకో రెండున్నయి.”

మామ ఇంటివైపు తిరిగాడు. “ఇన్నవా, దుబాయ్ పోవుడు లేదిగ.”

లోపల అత్త పసుపు కొమ్ములు దంచుతున్న రోకలి చప్పుడు మొదలైంది.