పాత గోడకు కొత్త పూత

రండమ్మా, దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఆ గోనెపట్టా పరుచుకోండి. పసిదాన్ని ఇలా నా ఒళ్లోకి ఇవ్వండి, నేను ఊపుతూనే చెబుతాను. గిర్మిట్ రోజుల్లో మా లైన్ల వెనక ఒక మట్టిగుడి ఉండేది. దాన్ని కాపాడుకోవాలని మేము పడిన పాట్లు వినండి.

గిర్మిట్ అంటే తెలుసుగా. ఐదేళ్లు చెరుకుతోటలో చాకిరీ చేస్తామని వేలిముద్ర వేసి, ఓడెక్కి ఫిజీకి రావడం. లైన్లు అంటే మేము ఉండే పొడుగాటి రేకుల కొట్టాలు. నేనప్పటికి పెళ్లీడు పిల్లను. మాకంటే ముందు ఓడల్లో వచ్చిన మనవాళ్లు ఆదివారాలు కూడుకుని ఆ గుడి కట్టారట. మట్టిగోడ, గడ్డి కప్పు, లోపల ఒక రాముడి పటం. అంతే గుడి.

ఆ ముందు ఓడల్లో వచ్చిన మనిషే పెద్దమ్మ. మాకు ఏ వరసా కాదు, లైన్లలో అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. విశాఖపట్నం వైపు మనిషి. గుడి గోడకు మట్టి తొక్కింది ఆమె పెనిమిటే. ఆ ఏడు వానల్లోనే విరేచనాలు పట్టుకుని పోయాడు. ఏటి ఒడ్డున దహనం చేస్తే, ఆ బూడిద కూడా వరదకు పోయింది. ఆయన గుర్తుగా ఆమెకు మిగిలింది ఆ గోడ ఒక్కటే. తోటలోంచి రాగానే ముందు గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. ఆ తర్వాతే పొయ్యి రాజేసేది. లోపలున్న పటానికి మాత్రం దణ్ణం పెట్టేది కాదు. దేవుడికి కోపం రాదా పెద్దమ్మా అని మేము ఏడిపిస్తే, ఆయనకి మీరంతా ఉన్నారు కదే అనేది.

అలాంటిది, లౌటోకా మిల్లుకు చెరుకు మోసే ట్రాం పట్టాలు మా వైపు కూడా వేస్తామన్నారు. పట్టాల కోసం వేసిన ముగ్గు గీత సరిగ్గా గుడి మీదుగా పోయింది. మగవాళ్లు కూలీల మేస్త్రీ అయిన సర్దారును బతిమాలి, తోట చూసే ఓవర్సీరు దొరకు చెప్పించారు. ఇది మొదట వచ్చినవాళ్లు కట్టిన గుడి, పాతది, పట్టా కొంచెం పక్కకు తిప్పండి బాబూ అని. ఆ దొర కొట్టే దొర కాదు. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు.

దొర వస్తున్నాడంటే మా ఆడవాళ్లు ఊరుకుంటారా? ఆ గోడ చూస్తే పొగచూరి, వాన చారలు పడి, బీటలిచ్చి ఉంది. ఇలాంటి గోడ చూపించి పెద్దమనిషిని ఏ మొహంతో అడుగుతామన్నారు. తోట ఎడ్ల పేడ ఎత్తుకొచ్చారు. కొండ నుంచి ఎర్రమన్ను తెచ్చారు. పగడపురాయి కాల్చి సున్నం చేశారు. బీటలు పూడ్చి, నున్నగా అలికి, తెల్లగా సున్నం కొట్టి, కింద ఎర్ర పట్టీలు దిద్దాం. అందరికంటే ఎక్కువ చాకిరీ చేసింది పెద్దమ్మే. శనివారం పొద్దు గూకేసరికి ఆ గోడ పెళ్లివారి గోడలా మెరిసిపోయింది.

ఆదివారం దొర గుర్రం దిగి, టోపీ తీసి, చుట్టూ తిరిగి చూశాడు. నవ్వుతూ ఏదో అన్నాడు. మా ప్రాణం కుదుటపడింది. సర్దారు మా వైపు తిరిగి, తన హిందీలో తెలుగు కలిపి చెప్పాడు.

"సాబ్‌కు బహుత్ నచ్చింది. లేకిన్, ఇది నయా ఉంది కదా అంటాడు. ఇంత బాగా కట్టేవాళ్లు ఇంకోటి కట్టుకోండి అంటాడు."

పాతదే బాబూ అని మగవాళ్లు ఒకటే మొత్తుకున్నారు. పెద్దమ్మ వెళ్లి గోళ్లతో పూత గీకింది. కింద మట్టే కనిపించింది. మట్టి కింద మట్టి కనిపిస్తే దొరకేం తెలుస్తుంది? పట్టాకు పైనున్న గుట్ట మీద జాగా ఇస్తాను, గుంజలకు కర్ర కూడా ఇప్పిస్తాను అన్నాడు. మేలు చేశాననే అనుకుని వెళ్లాడు పాపం.

ఆ సాయంత్రం మగవాళ్లు మమ్మల్ని దులిపేశారు. పెద్దమ్మే అడ్డం వచ్చింది.

"ఆళ్లనేటి అంటారు? ముసిల్దానికి కొత్త కోక కట్టి నిలబెట్టినాం. దొర పెళ్లికూతురనుకున్నాడు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "దేవుడికేటి, పటం సంకనెట్టుకుంటే ఏ గుట్టకైనా వొస్తాడు. గోడే రాదు," అంది.

అప్పుడు మా అమ్మ అంది, "ఎందుకు రాదు పెద్దమ్మా? మన ఊళ్లల్లో గోడ పడితే ఆ మట్టి పారబోస్తామా? మళ్లీ నానబెట్టి తొక్కుతాం. అదీ అంతే."

మరుసటి ఆదివారం కొండమీది ఫిజీ ఊరివాళ్లు మాకు సాయం వచ్చి, గడ్డి కప్పును గుంజలతో సహా భుజాలకెత్తుకుని, పాడుకుంటూ గుట్టెక్కారు. మగవాళ్లు గోడ పడగొట్టారు. పెళ్ల విరిగినచోట ఏటేటా వేసిన పూతలు పొరలు పొరలుగా కనిపించాయి. ఒక్క పెళ్లా వదలకుండా మేము తట్టలకెత్తి మోశాం. పైన గుంట తీసి నానబోశాం.

తొక్కడానికి ఎవరినీ ముందు దిగనివ్వలేదు పెద్దమ్మ. కోక ఎగదోపి తానే దిగింది. మెత్తబడిన మట్టిలోంచి, ఆమె పెనిమిటి అప్పుడు కలిపిన చెరుకాకు ముక్కలు కాలివేళ్ల మధ్యకు తేలాయి. ఒకటి తీసి చూసుకుంది.

"సన్నగా తుంచయ్యా అని ఆ రోజే సెప్పినాను. ఇన్నాడా? సూడండి, ఎంతెంత ముక్కలో," అని తిట్టింది. తిడుతూనే ఏడ్చింది.

పాతమట్టి నాలుగు గోడలకూ చాలదని తేలింది. దాన్ని విడిగా ఒక గోడకే పెడదామా పెద్దమ్మా అని మా అమ్మ అడిగింది.

"కలిపీయండి. ఆయనొక్కడూ ఓ మూల ఎందుకూ, అందరిలో ఉంటాడు."

అలాగే కలిపాం. ఆ మాట కాగానే మేమందరం గుంటలోకి దిగాం. చిన్నా పెద్దా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని పొద్దువాలేదాకా తొక్కాం. గోడలు ఆరాక మా అమ్మ పేడ కలిపి తెస్తే, ఈ ఏటికి పూత వద్దంది పెద్దమ్మ. ఆ ఏడంతా తోటలోంచి వస్తూ గుట్టెక్కి, ఒకనాడు ఈ గోడకు, ఒకనాడు ఆ గోడకు, ఎక్కడ చెయ్యి ఆనితే అక్కడ నిలబడేది.

ఇంతసేపూ విన్న తల్లులారా, మీ గోడలు వానకు కరగకుండా, మీ పొయ్యి చల్లారకుండా, మీ వాకిట్లో మనుషుల అలికిడి ఎప్పుడూ ఉండుగాక. ఇంటిల్లిపాదీ చల్లగా ఉండండి.